తుంటి కీలు మార్పిడి: రోగి సంరక్షణ చరిత్ర

అరిగిపోయిన తుంటి కీలు తీసి కృత్రిమ కీలు అమర్చే శస్త్రచికిత్స చరిత్రను లోహాలు, ప్లాస్టిక్కుల కథగా చెప్పడం అలవాటు. 1891లో బెర్లిన్‌లో తెమిస్టొక్లీస్ గ్లుక్ వాడిన ఏనుగు దంతం, 1938లో లండన్‌లో ఫిలిప్ వైల్స్ అమర్చిన ఉక్కు కీలు, 1962 నవంబరులో ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ మొదలుపెట్టిన పాలిథిలిన్ గిన్నె అందులో ముఖ్య ఘట్టాలు. అయితే రోగి క్షేమంగా ఇంటికి చేరేదీ లేనిదీ చాలావరకు ఆపరేషన్‌కు ముందూ వెనకా అందే సంరక్షణే తేల్చింది.

తొలి శత్రువు చీము. కొత్త కీలు లోపల సూక్ష్మజీవులు చేరితే దాన్ని తీసేయక తప్పని పరిస్థితి తరచూ వస్తుంది. ఆపరేషన్ గదిలోని గాలిని అనుమానించిన చార్న్‌లీ, రోగి చుట్టూ గుడారంలాంటి గది కట్టించి వడకట్టిన గాలిని పంపాడు. సర్జన్లకు ప్రత్యేక దుస్తులు తొడిగించాడు. చీము పట్టడం దాదాపు 7 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గిందని 1972లో ప్రకటించాడు. 8 వేలకు పైగా ఆపరేషన్లను పరిశీలించిన బ్రిటిష్ అధ్యయనం 1982లో ఈ పద్ధతిని బలపరిచింది, కోతకు ముందిచ్చే యాంటీబయాటిక్ కూడా గట్టి రక్షణేనని చూపింది. తర్వాత వచ్చిన సమాచారం గాలి వైపు మొగ్గలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కీళ్ల మార్పిడికి ఆ ఖరీదైన గాలి ఏర్పాటు అక్కర్లేదని షరతులతో సూచించింది. యాంటీబయాటిక్ సూది మాత్రం నిలిచింది.

రెండో ప్రమాదం కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం. తొలి దశాబ్దాల్లో ఆపరేషన్ తర్వాతి మరణాలకు ఇదే పెద్ద కారణం. రక్తం గడ్డకట్టనివ్వని వార్ఫరిన్, హెపారిన్ మందుల తర్వాత చవకైన ఆస్పిరిన్ మీద ఆశ పుట్టింది. మొదటి 5 రోజులు అదే కోవకు చెందిన రివరోక్సబాన్ ఇచ్చి ఆపై ఆస్పిరిన్‌కు మారితే సరిపోతుందని 2018లో కెనడా పరిశోధన తేల్చింది. మొదటి రోజు నుంచే ఆస్పిరిన్ ఇచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో (2022) మాత్రం, తుంటి, మోకాలు కలిపి చూస్తే, గడ్డల బెడద 3.45 శాతం మందిలో కనిపించింది. ఇనాక్సాపరిన్ సూదులు తీసుకున్నవారిలో అది 1.82 శాతమే. పైకి ఎదురెదురుగా కనిపించినా, ఆస్పిరిన్ ఎప్పుడు మొదలుపెట్టారన్నది ఈ రెండు పరిశోధనల మధ్య ఒక ముఖ్యమైన తేడా.

ఇక మంచం సంగతి. చార్న్‌లీ కాలంలో రోగులు వారాల తరబడి పడుకునే ఉండేవారు. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ పేగు ఆపరేషన్లలో ఈ విశ్రాంతి అవసరమా అని ప్రశ్నించాడు. ఆ ఆలోచన కీళ్ల వార్డులకూ పాకింది. వెన్నులో మత్తు, గాయం చుట్టూ నొప్పి మందు, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం, అదే రోజు వాకర్‌తో నడక దాని అంగాలు. గాయంలో పెట్టే డ్రైన్ గొట్టం రక్తం ఎక్కించాల్సిన అవసరాన్ని పెంచుతుందని తేలి, దాని వాడకం తగ్గింది. డెన్మార్క్‌లో 2000లో 10, 11 రోజులుండే ఆసుపత్రి బస 2009 నాటికి 4 రోజులకు వచ్చింది. తగిన ఆరోగ్యం, ఇంట్లో తోడు ఉన్నవారిని కొన్నిచోట్ల అదే రోజు పంపుతున్నారు.

కాలు మీద కాలు వేయొద్దు, తుంటిని 90 డిగ్రీలకు మించి వంచొద్దు అన్న పాత ఆంక్షలు కూడా ముందు వైపు నుంచి చేసే ఆపరేషన్లలో సడలుతున్నాయి. వెనక వైపు నుంచి చేసినప్పుడు కీలు జారుతుందన్న భయం చాలామంది సర్జన్లలో ఇంకా ఉంది. అయితే ఈ ఆంక్షల మీద జరిగిన పరిశోధనల్లో అధిక భాగం కుర్చీ, కమోడ్ అలవాటున్న దేశాల్లో జరిగినవి. బాసింపట్టు వేసి భోంచేసే, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి వాడే తెలుగు ఇళ్లకు వాటిని యథాతథంగా అన్వయించలేం. ఎత్తు కుర్చీ, కమోడ్ ఏర్పాటు ఇక్కడ ఆపరేషన్‌కు ముందే చేసుకోవలసిన పని.