కరోనా కాలంలో జమానత్, శిక్ష

2020 మార్చిలో లాక్‌డౌన్ పడిననాడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ కరీంనగర్ జ్యుడీషియల్ జిల్లా కిందనే ఉండేవి. వేరు జ్యుడీషియల్ జిల్లాలు 2022 జూన్ 2న గాని రాలేదు. బీడీలు చుట్టే ఇంటినుండో, సాంచెలు నడిపే ఇంటినుండో ఒక పిల్లవాడు జైలుకు పోయినాడనుకుందాము. వకీలు సాబును కలవాలన్నా, జమానత్‌దారులను తీసుకుపోవాలన్నా బస్సే దిక్కు. ఆ బస్సే బందయింది. కోర్టులు కూడా అత్యవసరమైన కేసులే, అదీ వీడియోలో, వినసాగినవి.

మార్చి 23ననే సుప్రీంకోర్టు, కిక్కిరిసిన జైళ్లలో రోగము పాకకుండా ప్రతి రాష్ట్రములో ఉన్నతాధికార సంఘము వేసి, ఎవరిని పెరోలు మీద, ఎవరిని మధ్యంతర బెయిలు మీద విడువవచ్చునో చూడమన్నది. ఏడేండ్ల వరకు శిక్ష గల కేసులను ఉదాహరణగా చెప్పింది. 2021 మే 7న మళ్లీ విడువమన్నది. అయితే అది మాఫీ కాదు. అట్లా వచ్చినవారంతా పదిహేను రోజులలో తిరిగి లొంగిపోవలెనని 2023 మార్చి 24న ఉత్తర్వు వచ్చింది.

శిక్షల సంగతి మరొకటి. ఆ మార్చిలోనే కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా వారికి రోగము బయటపడ్డాక మన బస్తీలు ఎంత బెదిరినవో చెప్పనక్కరలేదు. ఢిల్లీలో కేసులు పడ్డ విదేశీ తబ్లీగీలలో తొమ్మిది వందల మందికి పైగా తప్పు ఒప్పుకొని, జరిమానా కట్టి స్వదేశము పోయినారు. విచారణకు నిలిచింది 44 మందే. వారిలో 8 మందిని ఆగస్టులో విడిచిపెట్టినారు. 36 మంది డిసెంబరు 15న నిర్దోషులని తేలింది. జరిమానా కట్టినవారిని మేము తప్పు పట్టము. ఇంటి బెంగ ఎవరికి ఉండదు?

మా దృష్టిలో అన్నిటికన్న పెద్ద తీర్పు 2020 జూన్ 19 నాటిది. పోలీసులు 60 రోజులలో, పెద్ద నేరమైతే 90 రోజులలో చార్జిషీటు వేయకపోతే ముల్జిమ్‌కు బెయిలు హక్కుగా వస్తుంది. కరోనా వల్ల దావాలు, అప్పీళ్ల గడువు పొడిగించినారు గనుక పోలీసుల గడువూ పెరిగినట్లేనని, దొంగతనం కేసులో 73 రోజులు జైల్లో ఉన్న ఒకనికి మద్రాసు హైకోర్టు బెయిలు నిరాకరించింది. సుప్రీంకోర్టు ఆ మాట కొట్టివేసి బెయిలు ఇచ్చింది. కోర్టు తలుపులు మూసినా లోపలి మనిషి రోజులు ఆగవు గదా!

2024 జూలై 1న క్రొత్త నాగరిక్ సురక్షా సంహిత వచ్చినా ఆ 60, 90 లెక్క మారలేదు. మొదటి రిమాండు తేదీనుండి లెక్కపెట్టాలి. గడువు దాటగానే, చార్జిషీటు పడకముందే అర్జీ పెట్టుకోవాలి.