ఆత్మనిగ్రహం: సంకల్పబలమా, విశ్వాసఫలమా? - ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
కోరికను అదుపులో ఉంచుకోవడాన్ని వ్యక్తి సుగుణంగా, ఉంచుకోలేకపోవడాన్ని వ్యక్తి లోపంగా ఎంచడం లోకరీతి. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ భావన ప్రయోగపరీక్షకు లోనైంది. ఆ కృషిలో ముఖ్యుడు మనోవిజ్ఞాన శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ (1930-2018). వియన్నాలో జన్మించిన ఆయన, నాజీల ఆక్రమణ కారణంగా 1938లో కుటుంబంతో స్వదేశం విడిచి, అమెరికాలో పెరిగాడు.

ట్రినిడాడ్ అధ్యయనం:
మిషెల్ 1958లో ప్రచురించిన అధ్యయనానికి క్షేత్రం ట్రినిడాడ్ ద్వీపం. అక్కడి ఆఫ్రికన్ సంతతికి, ఒప్పంద కూలీలుగా వలస వెళ్లిన భారతీయుల సంతతికి చెందిన 7-9 ఏళ్ల పిల్లలను ఆయన పరీక్షించాడు. వెంటనే చిన్న మిఠాయి కావాలో, వారం తరువాత పెద్ద మిఠాయి కావాలో వారే తేల్చుకోవాలి. తండ్రి ఇంట లేని పిల్లలు చిన్న మిఠాయి వైపే ఎక్కువగా మొగ్గారు. నిరీక్షణకు, పెరిగిన పరిస్థితులకు సంబంధం ఉందన్న సూచన ఇందులో ఉంది.

స్టాన్‌ఫర్డ్ ప్రయోగాలు:
తరువాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బింగ్ శిశువిద్యాలయంలో ప్రసిద్ధ 'మార్ష్‌మెలో' ప్రయోగాలు జరిగాయి. 1970, 1972 సంవత్సరాలలో వెలువడిన ఫలితాలు గమనార్హం. తినుబండారం కళ్లెదుట ఉన్నప్పుడు పిల్లలు త్వరగా ఓడిపోయారు. దాన్ని కనబడకుండా ఉంచినా, మనసును ఉల్లాసకరమైన వేరే ఆలోచనపైకి మళ్లించినా ఎక్కువసేపు ఆగగలిగారు. అంటే నిగ్రహం పళ్లు బిగించి భరించడం కాదు. దృష్టిని మళ్లించే నేర్పు. నేర్పు గనుక అది నేర్పదగినది.

అయితే 1990లో వెలువడిన అనుసరణ అధ్యయనం, బాల్యంలో ఎక్కువసేపు ఆగినవారు కళాశాల ప్రవేశపరీక్షలో మెరుగైన మార్కులు పొందారని తెలిపింది. పరిశీలించినవారి సంఖ్య స్వల్పమని రచయితలే హెచ్చరించినా, లోకం దాన్ని భవిష్యత్ జాతకంగా స్వీకరించింది.

పునఃపరిశీలన:
2013లో రాచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 28 మంది పిల్లలతో ఒక ప్రయోగం ప్రచురించారు. ముందుగా మాట నిలబెట్టుకున్న పెద్దల వద్ద పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన పెద్దల వద్ద 3 నిమిషాలే. రాదనుకున్న రెండవ మిఠాయి కోసం చేతిలోని మొదటిదాన్ని వదులుకోకపోవడం అవివేకం కాదు. 2018లో సుమారు 900 మంది పిల్లల సమాచారాన్ని విశ్లేషించిన వాట్స్, డంకన్, క్వాన్‌ల అధ్యయనంలో నిరీక్షణకూ తదుపరి చదువుకూ గల సంబంధం మునుపటికన్నా బలహీనంగా కనిపించింది. కుటుంబ నేపథ్యాన్ని, ఇంటి వాతావరణాన్ని, తొలిదశ తెలివితేటలను లెక్కలోకి తీసుకుంటే అది మరింత తగ్గింది.

ముగింపు:
ఆరు దశాబ్దాల ఈ చరిత్ర తిరిగి ట్రినిడాడ్ ప్రశ్నకే చేరుకుంది. బిడ్డకు దృష్టి మళ్లించే ఉపాయం నేర్పడం ఎంత అవసరమో, పెద్దలు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడమూ అంతే అవసరం. ఆగలేని బిడ్డను నిందించే ముందు, ఆగినందుకు ఆ బిడ్డకు ఇంతవరకు దక్కినదేమిటో విచారించడం న్యాయం.