ఆకాశమునుండి పడినదానికి పూచీ యెవరిది?

త్రిశంకు మహారాజును సశరీరముగా స్వర్గమునకు పంపిన విశ్వామిత్రుడు, ఇంద్రుడు త్రోసివేయగా ఆ రాజు తలక్రిందులుగా పడుచుండుట చూచి యూరకుండలేదు. నిలువుమని యాజ్ఞాపించి నడిమింట నిలిపెను. పైకి పంపినవాడే పడుదానికి పూచీ వహింపవలెనను ధర్మము ఈ రామాయణ కథయందు గోచరించును. ఆధునిక రాజ్యములు ఆ ధర్మమునకు సమగ్రమైన ఒడంబడిక వ్రాసికొనుటకు 1972వ సంవత్సరము వరకు పట్టినది.

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ దేశము పంపిన స్పుత్నిక్, మానవుడు నిర్మించిన మొదటి ఉపగ్రహము. మూడు మాసములు భూమి చుట్టు తిరిగి, 1958 జనవరి 4వ తేదీన అది దగ్ధమయ్యెను. వందల కిలోమీటర్ల యెత్తునను గాలి బొత్తిగా లేకపోలేదు. ఆ పలుచని గాలి యొరపిడిచే ఉపగ్రహము క్రమముగా క్రిందికి దిగును. సూర్యునియందు అలజడి హెచ్చినపుడు పైగాలి యుబ్బి, పతనము త్వరితమగును. దట్టమైన గాలిని చేరినంతనే అది చాలవరకు కాలిపోవును. మిగుల వేడికి తాళగల తునుకలు మాత్రము నేల జేరును.

అట్టి తునుకలవలన భూమిపై నష్టము కలిగినచో, తప్పు ఉన్నను లేకున్నను, ప్రయోగించిన రాజ్యమే పరిహార మీయవలెనని 1972 నాటి ఒడంబడిక శాసించినది. దానికి పరీక్ష త్వరలోనే వచ్చెను. అణుయంత్రము గల సోవియట్ ఉపగ్రహము కాస్మాస్ 954 చెడిపోగా, ఆ యంత్రమును విడదీసి మరింత యెత్తునకు చేర్చు యేర్పాటు విఫలమయ్యెను. 1978 జనవరి 24వ తేదీన అది కెనడా ఉత్తరభాగమున మంచు ప్రదేశముపై చెదరి పడెను. విషకిరణములు వెడలు తునుకలను అక్టోబరు వరకు వెదకిరి. ఖర్చు ఇంచుమించు 1 కోటి 40 లక్షల డాలర్లు. కెనడా ప్రభుత్వము సోవియట్ ప్రభుత్వమును అడిగినది 60,41,174 డాలర్ల 70 సెంట్లు. 1981లో కుదిరిన పరిష్కారము 30 లక్షల డాలర్లు. డెబ్బది సెంట్లను సైతము విడువక వ్రాసిన పద్దులో సగమైనను వసూలు కాలేదు. అయినను, పంపిన రాజ్యము సొమ్ము చెల్లించుట చరిత్రలో నిలిచిపోయినది.

తరువాతి వంతు అమెరికాది. 1973లో ఎగిరిన 77 టన్నుల స్కైలాబ్ 1974 ఫిబ్రవరి నుండి మనుష్యులు లేక తిరుగుచుండెను. దానిని పైకి నెట్టవలసిన స్పేస్ షటిల్ సిద్ధము కాకమునుపే, 1979 జూలై 11వ తేదీన అది హిందూ మహాసముద్రమునను పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడెను. అంతకుముందు తెలుగు పల్లెలయందును ఏ యింటిపై పడునోయను భయము వ్యాపించెను. ఆ భయమే వస్తువుగా 2021లో స్కైలాబ్ అను చలనచిత్రము వెలువడినది. ఆస్ట్రేలియాలోని ఎస్పెరెన్స్ స్థానిక పాలకులు చెత్త పడవేసినందులకు నాసాకు 400 డాలర్లు జరిమానా విధించిరి. పరిహాసముగా విధించిన ఆ మొత్తమును నాసా చెల్లింపలేదు. 2009లో ఒక అమెరికా రేడియో కార్యక్రమపు శ్రోతలు చందాలు వేసికొని చెల్లించిరి.

కాలము పాత్రలను మార్చినది. 2023 జూలైలో అదే పశ్చిమ ఆస్ట్రేలియా తీరమునకు పెద్ద లోహపు పీపా వంటి వస్తువొకటి కొట్టుకొని వచ్చెను. అది భారతదేశపు పి.యస్.యల్.వి. రాకెట్టు మూడవ అంచెకు చెందినదై యుండుటకే అవకాశము మెండని ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ ప్రకటించెను. ఆ రాకెట్టులు ఎగురునది తెలుగునేలపైని శ్రీహరికోట నుండియే. నాడు ఆకాశమువైపు చూచి భయపడిన ప్రజల తీరమునుండియే నేడు ఉపగ్రహములు వెడలుచున్నవి.

భారతదేశము 1979లోనే పరిహారపు ఒడంబడికలో చేరినది. 2030 నాటికి తన ప్రయోగములవలన శకలములు మిగులకుండ చేయుట భారత అంతరిక్ష సంస్థ 2024లో ప్రకటించిన లక్ష్యము. విశ్వామిత్రుని తపశ్శక్తి నేటివారికి లేదు. పడుదానిని నడిమింట నిలుపలేరు. కావున పంపుటకు ముందే పతనమునకును పద్దు తెరచి యుంచుట విజ్ఞుల లక్షణము.