జెనీవా ఇచ్చిన మాట

ఈ కథ ఎలా ముగుస్తుందో ముందే తెలుసు. 1936 మే 5న ఇటలీ సేనలు ఆడిస్ అబాబాలో అడుగుపెట్టాయి. అంతకు మూడు రోజుల ముందే చక్రవర్తి హైలే సెలాసీ జిబూటీ రైలెక్కి వెళ్లిపోయాడు. ఒక దేశం పోయింది. విషవాయువును ఇక ఎవరూ ఎవరి మీదా వదలబోమని లోకమంతా కూడి చేసుకున్న బాస కూడా ఆ దేశంతో పాటే పోయింది. ఐదేళ్లకు ఇథియోపియా తిరిగి తన ప్రజలకు దక్కింది. ఆ బాసకు తగిలిన గాయం మాత్రం ఇప్పటికీ మానలేదు.

ఆ బాస ఊరికే పుట్టింది కాదు. 1915 ఏప్రిల్ 22 సాయంత్రం బెల్జియంలోని ఈప్ర్ దగ్గర పసుపుపచ్చని మబ్బొకటి నేల మీద పాకుతూ కందకాల్లోకి దిగింది. అది క్లోరిన్. ఆ తర్వాత ఫాస్జీన్, ఆ తర్వాత మస్టర్డ్ గ్యాస్ వచ్చాయి. యుద్ధం ముగిసేసరికి విషవాయువులతో చనిపోయినవాళ్లు దాదాపు 90 వేల మంది. కళ్లు పోయి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వరసగా నడిచిన కుర్రాళ్లను ఐరోపా తల్లులు చూశారు. ఆ దుఃఖంలోంచే 1925 జూన్ 17న జెనీవాలో ఒక ఒడంబడిక పుట్టింది. యుద్ధంలో విషవాయువులు వాడకూడదని అందులో రాసుకున్నారు. పోలండ్ ప్రతినిధులు పట్టుబట్టి రోగక్రిములను కూడా ఆ నిషేధంలో చేర్పించారు. అప్పటికింకా యుద్ధరంగంలో పెద్దగా వాడని ఆయుధాన్ని ముందుగానే నిషేధించాలన్న ఆ తలంపు ఎంత మంచిదో!

కానీ ఆ కాగితంలో ఒక వెలితి ఉండిపోయింది. వాడకూడదని రాశారే గానీ తయారుచేయకూడదని రాయలేదు, దాచుకోకూడదనీ రాయలేదు. మాట తప్పినవాణ్ని ఎవరు పట్టుకోవాలో, ఏం చేయాలో ఎక్కడా లేదు. తనిఖీ లేదు, శిక్ష లేదు. సంతకం పెట్టినవాడి పరువే దానికి కాపలా.

ఇటలీ 1928 ఏప్రిల్‌లో ఆ ఒడంబడికను ధృవీకరించింది. ఇథియోపియా 1935లో చేరింది. ఆ సంవత్సరాన్ని చూస్తేనే గుండె చెరువవుతుంది. సరిహద్దు అవతల శత్రువు గుడారాలు వేస్తున్న ఏడాదిలో, విమానాలూ ఫిరంగులూ పెద్దగా లేని పేద దేశం వెళ్లి ఆ కాగితం మీద తన పేరు కూడా రాసింది. ఆ ఒడంబడికను అంత నిండుగా నమ్మిన దేశం మరొకటి ఉండి ఉండదు.

నమ్మకం హైలే సెలాసీ స్వభావంలోనే ఉంది. ఇంకా రాస్ తఫారిగా ఉన్న రోజుల్లో, 1923లో, దేశాన్ని నానాజాతి సమితిలో చేర్పించింది ఆయనే. చిన్న దేశానికి పెద్ద సైన్యం కన్నా పదిమంది ఇచ్చిన మాటే రక్ష అని ఆయన లెక్క. అటు ఇటలీ నియంత ముస్సోలినీ మనసులో వేరే లెక్క ఉంది. 1896లో అద్వా దగ్గర మెనెలిక్ సేనల చేతిలో ఇటలీ చిత్తుగా ఓడింది. ఆ పాత అవమానాన్ని కడుక్కోవాలి, ఆఫ్రికాలో సామ్రాజ్యం కట్టాలి. 1934 డిసెంబరులో వాల్‌వాల్ బావుల దగ్గర జరిగిన కాల్పులు అతనికి సాకు అందించాయి. ఆ బావులు ఇథియోపియా సరిహద్దుకు లోపలే ఉన్నాయి. అయినా క్షమాపణ చెప్పాల్సింది, పరిహారం కట్టాల్సింది మీరేనని ఇటలీ పట్టుబట్టింది.

అప్పుడు కూడా కాలం మించిపోలేదు. 1935 జనవరిలో ఇథియోపియా సమితి గడప తొక్కి మొరపెట్టుకుంది. అదే నెలలో ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి పియేర్ లవాల్ రోమ్ వెళ్లి ముస్సోలినీతో ఒప్పందాలు కుదుర్చుకుని వచ్చాడు. ఇథియోపియాలో ఫ్రాన్స్ అడ్డు రాదన్న భరోసా అక్కడే దొరికిందని ముస్సోలినీ భావించాడు. ఏప్రిల్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ నాయకులు స్ట్రెసాలో కలుసుకుని హిట్లర్ గురించి మాట్లాడుకున్నారు. ఇటలీ ఓడలు అప్పటికే ఎర్రసముద్రం వైపు సైనికులను మోస్తున్నాయి. ఆ బల్ల దగ్గర ఆఫ్రికా మాట ఎవరైనా ఎత్తి ఉంటే! ఎవరూ ఎత్తలేదు. ఆ మౌనాన్ని ముస్సోలినీ అంగీకారంగా తీసుకున్నాడు.

సెప్టెంబరు 11న ఒక్క క్షణం వెలుగొచ్చింది. దురాక్రమణను అందరూ కలిసి ఎదిరించాలని, బ్రిటన్ వెనకడుగు వేయదని విదేశాంగ మంత్రి శామ్యూల్ హోర్ సమితి సభలో ప్రకటించాడు. చిన్న దేశాల ప్రతినిధుల ప్రాణాలు లేచివచ్చాయి. మూడు వారాలకే, అక్టోబరు 3న, యుద్ధ ప్రకటన కూడా లేకుండా ఇటలీ సైన్యం సరిహద్దులోని మారెబ్ నది దాటింది.

ఇటలీదే తప్పని సమితి నాలుగు రోజుల్లో తేల్చింది. నవంబరు 18 నుంచి ఆంక్షలు మొదలయ్యాయి. ఆయుధాలు అమ్మకూడదు, అప్పులివ్వకూడదు, ఇటలీ సరుకు కొనకూడదు. దాదాపు యాభై దేశాలు ఒక్క మాట మీద నిలబడటం అంతకుముందు ఎన్నడూ జరగలేదు. కానీ ఆ జాబితాలో పెట్రోలు లేదు. లారీలను, ట్యాంకులను, విషం మోసే విమానాలను నడిపేది పెట్రోలే. దాన్ని ఆపితే ముస్సోలినీకి కోపమొస్తుందని, ఆ కోపంతో హిట్లర్ పంచన చేరతాడని భయపడ్డారు. సూయజ్ కాలువనూ మూయలేదు. చంపడానికి వెళ్తున్న ఓడలు సుంకం కట్టి, రసీదు తీసుకుని, దర్జాగా ఆ కాలువలోంచే దాటిపోయాయి. చరిత్రలో క్రూరత్వాన్ని తట్టుకోగలుగుతాను గానీ, ఈ సుంకం సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఊపిరాడదు.

డిసెంబరులో ఇంకా ఘోరం జరిగింది. సమితిలో అంత గట్టిగా మాట్లాడిన ఆ హోర్, లవాల్‌తో కూర్చుని ఇథియోపియాలో పెద్ద భాగాన్ని ఇటలీకి కట్టబెట్టే పథకం రహస్యంగా తయారుచేశాడు. బదులుగా ఇథియోపియాకు సముద్రానికి చేరే ఒక ఇరుకు దారి. పారిస్ పత్రికలు ఆ గుట్టు బయటపెట్టాయి. బ్రిటన్ ప్రజలు మండిపడ్డారు. డిసెంబరు 18న హోర్ రాజీనామా చేశాడు. పథకం చచ్చిపోయింది కానీ, మాటిచ్చినవాళ్ల మనసులో ఏముందో ముస్సోలినీకి తేటతెల్లమైంది.

హోర్ దిగిపోయిన ఐదు రోజులకు తకజ్జె నది మీదికి విమానాలొచ్చాయి.

1935 డిసెంబరు 23. నది ఒడ్డున ఇథియోపియా సేనాని రాస్ ఇమ్రు సైన్యం ఉంది. బాంబుల చప్పుడు వాళ్లకు అలవాటే. దాక్కోవడం, చెల్లాచెదురవడం నేర్చుకున్నారు. ఆ రోజు పడినవి పేలలేదు. పీపాల్లాంటివి నేల మీదా నీళ్లలోనూ పడి పగిలి, రంగులేని ద్రవమేదో చిమ్మాయి. ఏమిటో అర్థమయ్యేలోపే అది తగిలినవాళ్లు అరవడం మొదలుపెట్టారు. ఒంటి మీద, చేతుల మీద, ముఖాల మీద బొబ్బలు లేచాయి. మంట చల్లార్చుకోవడానికి కొందరు నదిలోకి పరుగెత్తి దోసిళ్లతో నీళ్లు తాగారు. ఆ నీళ్లలోనూ అదే ఉంది. గట్టు మీద పడి గంటల తరబడి కొట్టుకుని చనిపోయారు. పశువులకు నీళ్లు పెట్టడానికి వచ్చిన ఊరి రైతులు కూడా వాళ్లలో ఉన్నారు. ఏం చేయాలో, ఆ నిప్పులేని మంటతో ఎలా పోరాడాలో తనకు తోచలేదని ఇమ్రు తర్వాత చెప్పుకున్నాడు.

ఆ సైనికుల్లో చాలామందికి చెప్పుల్లేవు. మస్టర్డ్ గ్యాస్ గాలిలో కలిసిపోయేది కాదు. నూనెలాగా గడ్డి మీద, ఆకుల మీద పేరుకుని రోజుల తరబడి నిలిచి ఉంటుంది. దాని మీద వట్టికాళ్లతో నడిచారు. బూట్లు, తొడుగులు, ముసుగులు ఉన్న ఐరోపా సైనికులనే గుడ్డివాళ్లను చేసిన విషం అది. నూలు షమ్మా కప్పుకున్న ఈ కొండ మనుషులకు అడ్డేముంది? తర్వాత నెలల్లో పీపాలు చాలవని విమానాలకు పిచికారీలు బిగించారు. సైన్యాల మీదే కాదు, పొలాల మీద, చెరువుల మీద, పచ్చిక బయళ్ల మీద ఆ సన్నని తుంపర కురిసింది. ఊళ్లకు ఊళ్లు తాగడానికి నీళ్లు లేక అల్లాడాయి.

డిసెంబరు 30న చక్రవర్తి జెనీవాకు తంతి పంపాడు. విషం వాడుతున్నారు, ఆపండి అని. అదే రోజు మెల్కాదీదా దగ్గర స్వీడన్ రెడ్‌క్రాస్ ఆస్పత్రి మీద ఇటలీ విమానాలు బాంబులు వేశాయి. తంతి వెనక తంతి వెళ్లింది. మొదట బుకాయించిన ఇటలీ, తర్వాత తన పైలట్ మిన్నితిని ఇథియోపియన్లు చంపినందుకు విషం ప్రతీకారమంది. మిన్నితి చేజిక్కింది డిసెంబరు 26న. విషం అప్పటికి మూడు రోజుల ముందే కురిసింది. ముస్సోలినీ అయితే అక్టోబరులోనే తంతిలో అనుమతి ఇచ్చేశాడు.

సాక్ష్యం లేకపోలేదు. బొబ్బలెక్కిన ఒళ్లను తమ గుడారాల్లో కడిగి కట్లు కట్టిన విదేశీ వైద్యులున్నారు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ప్రతినిధి మార్సెల్ జునో కళ్లారా చూశాడు. సమితి రెడ్‌క్రాస్‌ను సమాచారం అడిగింది. తటస్థంగా ఉండటం తమ ధర్మమని, చెప్పలేమని జవాబొచ్చింది. తటస్థత వల్లే రెడ్‌క్రాస్ రెండు వైపులా వెళ్లి ప్రాణాలు కాపాడగలుగుతుంది, అది నిజం. అయినా ఆ రోజు దాని మౌనం విషం చల్లినవాడికే చుట్టమైంది.

ఫిబ్రవరిలో నిపుణుల సంఘమొకటి లెక్క కట్టింది. అమెరికా కూడా కలిసివస్తే పెట్రోలు ఆంక్ష మూడున్నర నెలల్లో పనిచేస్తుందని. ఆ లెక్క చూసిన ప్రతిసారీ నా మనసు నవంబరుకు వెళ్లిపోతుంది. తక్కిన ఆంక్షలతో పాటే పెట్రోలునూ ఆపి ఉంటే, మార్చి మొదటికల్లా ఇటలీ విమానాలు నేల మీద నిలిచిపోయేవేమో. చక్రవర్తి ఓడిపోయిన మైచౌ యుద్ధం జరిగేది కాదేమో. కానీ మార్చి 7న హిట్లర్ రైన్‌ల్యాండ్‌లోకి సైన్యాన్ని పంపాడు. ఇక ఎవరికీ ఆఫ్రికా గుర్తులేదు.

మార్చి 31న మైచౌ దగ్గర చక్రవర్తి స్వయంగా నిలబడి పోరాడి ఓడిపోయాడు. వెనక్కి తిరిగిన సైన్యం అషాంగీ సరస్సు ఒడ్డుకు చేరింది. దాహంతో నోళ్లు ఎండిపోయి సరస్సులోకి దిగారు. ఆ నీళ్లలోనూ విషం కలిసింది. ఒడ్డంతా శవాలు. అదంతా ఆయన కళ్ల ముందే. అక్కడినుంచి లాలిబెలా వెళ్లి, రాతిని తొలిచి కట్టిన ఆ గుళ్లలో ప్రార్థనలో గడిపాడు. ఆ తర్వాతే రాజధాని, రైలు, సముద్రం.

1936 జూన్ 30న ఆయన జెనీవా సభా వేదిక మీద నిలబడ్డాడు. చిన్న ఆకారం, నల్లని గడ్డం. దేశాధినేతే స్వయంగా వచ్చి ఆ సభలో మొరపెట్టుకోవడం అంతకుముందు లేదు. ఆయన నోరు తెరవగానే గ్యాలరీలో ఇటలీ విలేకరులు ఈలలు వేశారు, బూతులు తిట్టారు. ఆ అనాగరికులను బయటికి గెంటండంటూ రుమేనియా ప్రతినిధి తితులెస్కు కేక పెట్టాడు. పోలీసులు వాళ్లను ఈడ్చుకుపోయేదాకా ఆయన కదలకుండా నిలుచున్నాడు. తర్వాత అమ్హారిక్‌లో మాట్లాడాడు. తొమ్మిది, పదిహేను, పద్దెనిమిదేసి విమానాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి పొగమంచు దుప్పటి పరిచినట్టు విషం పరిచిన తీరు చెప్పాడు. తిరిగి వెళ్లి నా ప్రజలకు ఏం జవాబు చెప్పమంటారని అడిగాడు.

జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది. ఆంక్షలు ఎత్తేయాలని సభ తీర్మానించింది. జూలై 15న ఎత్తేశారు. పోరాటం సాగించడానికి అప్పు ఇప్పించమని ఇథియోపియా అడిగితే, అనుకూలంగా పడిన ఓటు ఒక్కటే. అది ఇథియోపియాదే. ఆ ఏడాది వసంతంలోనే, భార్య కమలను పోగొట్టుకుని స్వదేశానికి తిరిగొస్తూ రోమ్‌లో ఆగిన నెహ్రూ, ముస్సోలినీ కబురు పంపినా వెళ్లలేదు. అధికారమేదీ లేని పరాధీన దేశపు మనిషి చూపిన ఆ తెగువ, సామ్రాజ్యాలేలే మంత్రుల్లో ఒక్కరికైనా ఉంటే బాగుండేది.

ఏ భయంతో పెట్రోలు ఆపలేదో ఆ భయం నిజం కానే అయింది. అదే ఏడాది ముస్సోలినీ హిట్లర్‌తో చేతులు కలిపాడు. ఆ రోజుల్లో పెట్రోలు ఆపి ఉంటే వారంలో ఇథియోపియా వదిలి రావాల్సి వచ్చేదని తర్వాత హిట్లర్‌తోనే అన్నాడని దుభాషి పాల్ ష్మిత్ రాశాడు.

జెనీవా కాగితంలోని వెలితిని పూడ్చడానికి, తయారీని నిషేధించి తనిఖీదారులను పెట్టడానికి, 1993 దాకా పట్టింది. ఆలోగా 1988లో ఇరాక్ సైన్యం చేతిలో హలబ్జా కుర్దులు వేలమంది ఇదే చావు చచ్చారు. ఇరాక్ కూడా జెనీవాలో మాటిచ్చిన దేశమే.

ప్రతీకారమన్న ఇటలీ, యుద్ధం తర్వాత చాలాకాలం మళ్లీ కాదంటూనే వచ్చింది. చరిత్రకారుడు ఆంజెలో దెల్ బోకా దశాబ్దాల పాటు పత్రాలు వెతికి పోరాడితే, 1996లో రక్షణ మంత్రి కోర్చోనే విషవాయువు వాడిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. ఆ యుద్ధాన్ని నడిపిన మార్షల్ బడోగ్లియో 1943లో దేశ ప్రధాని అయ్యాడు, 1956లో తన పేరు పెట్టిన సొంత ఊళ్లో ముసలితనంతో పోయాడు. అతని తోటి సేనాని గ్రాజియానికి 1950లో జైలుశిక్ష వేశారు, అదీ జర్మన్లతో కుమ్మక్కైనందుకు. ఇథియోపియా మీద విషం చల్లినందుకు ఏ న్యాయస్థానంలోనూ ఏ ఒక్కరి మీదా విచారణ జరగలేదు.