దారి కాని గోదారి

రాజోలు దాటి దిండి రిసార్టుకు చేరినవాళ్లు ముందుగా మెచ్చుకునేది అక్కడి ప్రశాంతతని. వరండా ముందు వశిష్ఠ పాయ, ఆవలి ఒడ్డున కొబ్బరితోట, మధ్యలో ఏ చప్పుడూ లేని నీళ్లు. దీన్ని బ్యాక్‌వాటర్ అనడం కేరళ చూసి నేర్చిన మాట. ఊరివాళ్లకది సముద్రపు పోటుకి పొంగి పాటుకి తగ్గే గోదారే. ఆ ప్రశాంతత ప్రకృతి ఇచ్చిందనీ అనాదిగా ఉన్నదేననీ అనుకుంటాం. చరిత్ర చూస్తే అలా కనిపించదు. గోదారి జనానికి దారిగా ఉన్నన్నాళ్లూ చూసి ఆనందించే వస్తువు కాలేదు. పడవల పని వంతెనలకు పోయాకే రేవులో సద్దుమణిగింది, ఆ నిశ్శబ్దానికి అద్దె పుట్టింది.

దిండి ఉన్న కోనసీమ అంటే గోదారి పాయలైన గౌతమి, వశిష్ఠల నడుమ చిక్కిన నేల. మరో పాయ వైనతేయ దాన్ని మళ్లీ చీల్చింది. ఏ దిక్కుకు వెళ్లాలన్నా ఏరు దాటాల్సిందే. 17వ శతాబ్దంలో నర్సాపురం దగ్గర ఇంగ్లిషువాళ్లు ఓడలు కట్టించుకున్నా, తర్వాతి శతాబ్దంలో బెండమూర్లంకలో వర్తక స్థావరం నడిపినా వాళ్లకు కావలసింది నీటి రవాణాయే. 1852 నాటికి ఇంజనీరు కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతో పాటు లాకుల మీదుగా పడవలనూ నడిపించాయి. పి.గన్నవరం దగ్గరైతే కాలువనే అక్విడెక్టు మీద వైనతేయను దాటించారు. రైలు మాత్రం గౌతమి ఆవల కోటిపల్లిలోనే ఆగింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆ పట్టాలనూ పెకలించుకుపోయారు. ఇక్కడివాళ్లకు మిగిలింది మళ్లీ రేవు, పంటి అనే బల్లకట్టు, పడవే.

అందమైన ఏటిని పూర్వులు చూడలేదా, అంతర్వేది తీర్థానికి జనం వెళ్లలేదా అని అడగొచ్చు. వెళ్లారు, సంగమ స్నానం కోసం, నరసింహస్వామి కోసం. నీళ్లకెదురుగా కూర్చోడానికి డబ్బిచ్చి గది తీసుకోవడం వేరే సంగతి. మండువా లోగిలినే చూడండి. కలిగినవాళ్లు కట్టుకున్న ఆ ఇల్లు లోపలికి తెరుచుకుంటుంది. దాని నడుమ కనిపించేది ఆకాశం, వానధార. ఏటికీ ఊరికీ మధ్య ఏటిగట్టు అడ్డం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు పారి గట్లు తెగిన సంగతి తెలిసినవాళ్లు ఏటి అంచున కిటికీ పెట్టించుకోరు.

దిండికి జనం రావడానికి కారణం వంతెన కాదు, ప్రచారం, చేతిలో డబ్బు అనేవాళ్లూ ఉంటారు. అవీ నిజమే. కానీ అదే వశిష్ఠ మీద దిగువన సఖినేటిపల్లి రేవు చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ పంటి మీదే నర్సాపురం దాటాలి. అదే నీరు, అవే కొబ్బరిచెట్లు, అయినా రేవులో మాటలన్నీ పంటి ఎప్పుడొస్తుందన్న దాని గురించే, వారధి ఎప్పుడన్న దాని గురించే. దిండి–చించినాడ వంతెన వచ్చాక ఇక్కడ ఆ తొందర లేదు. అటు యానాం–ఎదుర్లంక వారధికి, 2002లో మరణించిన లోక్‌సభ స్పీకర్, ఈ సీమవాడే అయిన బాలయోగి పేరు పెట్టారు. ఏరు దాటడం ఇక్కడ ఎంత పెద్ద విషయమో ఆ పేరే చెబుతుంది.

వంతెనల్ని తప్పుపట్టాల్సిన పని లేదు. పురిటినొప్పులతో రేవులో పడవ కోసం ఎదురుచూసిన కాలాన్ని ఎవరూ తిరిగి కోరరు. కాకపోతే ఒకటి విచిత్రం. దిండిలో పర్యాటకులు ఎక్కే హౌస్‌బోటు కేరళ కెట్టువళ్లం రూపు. అదీ ఒకప్పుడు ధాన్యం మోసిన పడవే, పని పోయాక పడకగదులు తెచ్చుకుంది. మన కాలువల్లోనూ కాకినాడ నుంచి మద్రాసు దాకా సరుకు పడవలు నడిచాయి. విహారానికి పడవ కావాల్సి వచ్చినప్పుడు వాటి రూపు ఎవరికీ గుర్తు రాలేదు.