హక్కు కాని కానుక: అరిస్టాటిల్ స్నేహం, కాథలిక్ వైద్య నీతి

1954 డిసెంబర్ 23న బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం రొనాల్డ్ హెరిక్ అనే యువకుడి కిడ్నీ ఒకటి తీసి అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చింది. అచ్చుగుద్దినట్టున్న కవలలు కావడంతో రిచర్డ్ శరీరం ఆ కిడ్నీని పరాయిదిగా చూడలేదు. అతను మరో ఎనిమిదేళ్లు బతికాడు. మర్రేకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. వైద్య చరిత్ర ఆ రోజును గొప్ప విజయంగా రాసుకుంది. నీతిశాస్త్రానికి మాత్రం అది పెద్ద చిక్కు తెచ్చిపెట్టిన రోజు. అంతవరకూ సర్జన్ కత్తి పట్టింది దాదాపుగా రోగి మీదే. నొప్పి ఎవరిదో మేలూ వారిదే. ఇప్పుడు ఏ జబ్బూ లేని మనిషిని బల్లమీద పడుకోబెట్టి, అతని ఒంటికి ఏ లాభమూ లేని కోత కోశారు. వైద్య నీతిని తరతరాలుగా సూత్రాల మీద నిలబెట్టుకుంటూ వచ్చిన కాథలిక్ సంప్రదాయాన్ని ఈ ప్రశ్న గట్టిగానే పట్టుకుంది. శరీరం గురించి తన దగ్గరున్న సూత్రంతో ఆ సంప్రదాయం దానికి జవాబు చెప్పలేకపోయింది. జవాబు దొరికింది స్నేహం గురించి అరిస్టాటిల్ చేసిన ఆలోచనలో. అది పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ తాత్వికుడి చేతుల మీదుగా ఆధునిక ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చిందన్నది నా వాదన.

ముందు ఆ సూత్రం ఏమిటో చూడాలి. అవయవం ఉన్నది శరీరం కోసం. కాబట్టి మొత్తం శరీరాన్ని కాపాడటానికి ఒక అవయవాన్ని తీసేయవచ్చు. కుళ్లిన కాలును కొట్టేసి ప్రాణం నిలపడం తప్పు కాదు. ఈ మాట అక్వినాస్ తన ‘సుమ్మా థియాలజియే’లోనే చెప్పాడు. దాని రెండో ముఖం నిషేధం. మనిషి తన శరీరానికి యజమాని కాదు, కాపలాదారు; ఒంటి మేలు కోరి తప్ప అవయవాన్ని పోగొట్టుకునే అధికారం అతనికి లేదు. పోప్ పదకొండో పయస్ 1930లో వెలువరించిన ‘కాస్తి కొనూబియీ’ లేఖలో ఈ నిషేధాన్ని మళ్లీ గట్టిగా చెప్పాడు. ఆ కొలతతో చూస్తే రొనాల్డ్ కిడ్నీ ఇవ్వడం కుదరదు. అతని కిడ్నీ అతని శరీరంలో భాగం, రిచర్డ్ శరీరంలో కాదు. తమ్ముడో అన్నో ఎంత దగ్గరివాడైనా, ఒకరి ఒంట్లోని భాగం ఇంకొకరి ఒంటి కోసం పుట్టిందనడానికి ఆధారం లేదు. ఇది చాదస్తం కూడా కాదు. బలహీనుల శరీరాలను బలవంతుల అవసరాలకు వాడుకోకుండా అడ్డుపడే గోడ అది. దాన్ని కూల్చకుండా తలుపు తెరవడం ఎలాగన్నదే చిక్కు.

బెర్ట్ కనింగమ్ అనే మతాచార్యుడు ఆపరేషన్‌కు పదేళ్ల ముందే ఈ చిక్కును పసిగట్టాడు. 1944లో అమెరికాలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో అతను ఒక దారి చూపాడు. మనుషులందరూ క్రీస్తు అనే ఒకే దేహంలో అవయవాలని సెయింట్ పాల్ బోధ కదా. అలాంటప్పుడు ఒక అవయవం ఇంకో అవయవానికి సాయపడటం సూత్రానికి లోబడినదే అన్నాడు. వినడానికి అందంగానే ఉంది. కానీ 1956 మే 14న కార్నియా దానం గురించి మాట్లాడుతూ పోప్ పన్నెండో పయస్ ఆ పోలికను ఒప్పుకోలేదు. చెయ్యి శరీరంలో భాగమైనట్టు మనిషి మానవజాతిలో భాగం కాడు, మానవజాతి అనే శరీరం భౌతికంగా ఎక్కడా లేదు అన్నాడు. దాని వెనక యూరప్ అనుభవం ఉంది. వ్యక్తి జాతి అనే దేహంలో ఒక కణం మాత్రమేనని నమ్మిన రాజ్యాలు ఆ నమ్మకంతో ఏ ఘోరాలు చేశాయో అప్పటికి పదేళ్ల కిందటే లోకం చూసింది. సమాజమే శరీరమైతే సమాజం నా కిడ్నీని అడగవచ్చు. ఇవ్వనంటే లాక్కోనూ వచ్చు. కనింగమ్ కోరుకున్నది అది కాదు గానీ అతని తర్కం ఆగకుండా వెళ్తే అక్కడికే చేరుతుంది. అంటే దానాన్ని ఒప్పుకునే వాదం ఏదైనా ఇచ్చేవాడినీ పుచ్చుకునేవాడినీ ఇద్దరిగానే ఉంచాలి. ఒకరి మేలు ఇంకొకరిది ఎలా అవుతుందో కూడా చెప్పాలి.

సరిగ్గా ఈ రెండూ కలిసిన ఆలోచన అరిస్టాటిల్‌లో ఉంది. క్రీ.పూ. 384లో స్టగీరాలో పుట్టిన ఆయన వైద్యుడి కొడుకు; తండ్రి నికోమాకస్ మాసిడోనియా రాజు అమింతాస్ ఆస్థాన వైద్యుడు. ‘నికోమాకియన్ ఎథిక్స్’లోని పది భాగాల్లో ఎనిమిది, తొమ్మిది పూర్తిగా స్నేహానివే. అవసరం కోసం కలిసేవారు, సరదా కోసం కలిసేవారు, ఎదుటివాడి మంచితనం చూసి అతని మేలును అతని కోసమే కోరేవారు అని స్నేహం మూడు రకాలన్నాడు. మూడో రకంలో స్నేహితుడు మనకు రెండో ‘నేను’ అవుతాడు. ఎవరికీ ఎవరూ సొంతం కారు, అయినా ఒకరి సుఖదుఃఖాలు ఇంకొకరి లెక్కలో చేరతాయి. తొమ్మిదో భాగంలో ఆయన ఇంకా కష్టమైన ప్రశ్న వేసుకున్నాడు: మనిషి అందరికంటే ఎక్కువగా తననే ప్రేమించుకోవాలా? అవునన్నాడు, కానీ ఆ ప్రేమకు అర్థం మార్చేశాడు. డబ్బు, పదవులు, శరీర సుఖాలు పోగేసుకునేవాడు తనలోని తక్కువ భాగాన్ని ప్రేమిస్తున్నాడు. ఉత్తముడు స్నేహితుల కోసం ధనం వదులుకుంటాడు, కావలిస్తే ప్రాణమూ ఇస్తాడు. అలా ఇచ్చి అన్నిటికంటే ఉత్తమమైనదాన్ని తనకే దక్కించుకుంటాడు. ఇవ్వడం తనకు తాను చేసుకున్న ద్రోహం కాదని నిరూపించడానికి ఇంతకంటే బలమైన తర్కం ప్రాచీన ప్రపంచంలో కనబడదు.

ఈ గ్రంథం పూర్తిగా లాటిన్‌లోకి వచ్చింది 1240ల చివర్లో, ఇంగ్లండ్‌లోని లింకన్ బిషప్ రాబర్ట్ గ్రోస్‌టెస్ట్ చేతిలో. వెంటనే ఆల్బర్ట్ ది గ్రేట్ అనే పండితుడు కొలోన్‌లో దాని మీద పాఠాలు చెప్పాడు. ఆ పాఠాలను రాసిపెట్టిన శిష్యుడే అక్వినాస్. క్రైస్తవం అన్ని గుణాలకూ తలమానికంగా భావించే దైవప్రేమకు నిర్వచనం ఇవ్వవలసి వచ్చినప్పుడు అక్వినాస్ అరిస్టాటిల్ వైపే తిరిగి, అది మనిషికి దేవుడితో ఉన్న స్నేహమని తేల్చాడు. దేవుడికీ మనిషికీ మధ్య దూరం అంత ఎక్కువైతే స్నేహం పొసగదని గ్రీకు గురువు అన్న మాట ఆయనకు తెలుసు. దేవుడే తన ఆనందంలో మనిషికి భాగం ఇచ్చాడు కాబట్టి ఆ దూరం తగ్గిందని జవాబిచ్చాడు. ఇంకో అడుగు కూడా వేశాడు. స్నేహితుడి మీది ప్రేమతో అతని పిల్లలనూ, పనివాళ్లనూ, వాళ్లు మనకు చెడు చేసినా సరే, ప్రేమిస్తాం. అలాగే దేవుడి మీది స్నేహం అపరిచితుడికీ శత్రువుకూ పాకుతుందన్నాడు. 1956లో అమెరికన్ జెస్యూట్ జెరాల్డ్ కెల్లీ కిడ్నీ దానాన్ని సమర్థించినప్పుడు ఆధారం చేసుకున్నది ఈ ప్రేమధర్మాన్నే. దానికి ఒక హద్దు కూడా ఏర్పడింది. రెండు కిడ్నీల్లో ఒకటి ఇచ్చినవాడికి అవయవం తగ్గుతుంది గానీ దాని పని ఆగదు, కాబట్టి ఇవ్వవచ్చు. బతికుండగా కళ్లు ఇచ్చి చూపు పోగొట్టుకోవడం కుదరదు.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ సూటిది. స్నేహితుల కోసం ప్రాణం ఇవ్వడాన్ని మించిన ప్రేమ లేదని సువార్తలోనే ఉండగా, మధ్యలో అరిస్టాటిల్ ఎందుకు? బోధ సువార్తదే, కాదనను. కానీ ప్రేమతో ఇమ్మని చెప్పే బోధ ఒకటే ఉంటే దానికి హద్దు ఎక్కడో తెలియదు. గుండె ఇచ్చేయమన్నా ప్రేమే, చూపు ఇచ్చేయమన్నా ప్రేమే. కెల్లీ తరం వారికి కావలసింది ఉత్సాహం కాదు, కొలత. ఇచ్చేవాడు తనను తాను నాశనం చేసుకోకూడదు, ఎందుకంటే స్నేహానికి ఇద్దరు ఉండాలి. తన మీద తనకున్న సరైన ప్రేమే ఇతరుల మీది ప్రేమకు నమూనా. ఈ రెండు ముక్కలూ గ్రీకు తర్కం నుంచి వచ్చినవే. స్నేహితుడి కోసం ప్రాణమిచ్చే ఉత్తముడు అరిస్టాటిల్‌లోనూ ఉన్నాడు కదా అంటే, అతను ప్రమాదానికి ఎదురెళ్తున్నాడు; తన చావునే సాధనంగా వైద్యుడి చేతికి ఇవ్వడం లేదు.

రెండో ఆక్షేపణ దీనికంటే బరువైనది. స్నేహం, బంధుత్వం అనేవి దాతను విడిపించవు, కట్టేస్తాయి. ఇంట్లో ఒకరు మంచాన పడితే మిగతావాళ్ల చూపులన్నీ రక్తం కలిసే మనిషి మీదే ఉంటాయి. వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? దీనికి అరిస్టాటిల్ దగ్గరే మందు ఉంది. కష్టంలో ఉన్న స్నేహితుడి దగ్గరికి పిలవకుండానే వెళ్లాలి. మన కష్టంలోకి స్నేహితుడిని పిలవడానికి మాత్రం వెనకాడాలి అన్నాడు. బోస్టన్‌లో జరిగింది అక్షరాలా ఇదే. ఆపరేషన్ ముందురోజు రాత్రి రిచర్డ్ ఇంటికి వెళ్లిపొమ్మని సోదరుడికి చీటీ రాశాడు. వచ్చాను, ఉంటాను అని రొనాల్డ్ తిరిగి రాశాడు. అడగకూడదనే సంకోచం ఒక వైపు, అడగకుండా ముందుకు రావడం ఇంకో వైపు ఉన్నప్పుడే అది కానుక. వీటిలో ఒకటి లేకపోతే అది ఒత్తిడో, బేరమో అవుతుంది. భారతదేశం 1994లో చేసిన అవయవ మార్పిడి చట్టం కూడా ఇదే సమస్యతో తలపడింది. దగ్గరి బంధువు కానివారు ప్రేమాభిమానాలతో ఇవ్వవచ్చని ఒప్పుకుంటూనే, ఆ ప్రేమ నిజమైనదేనా, దాని వెనక డబ్బుందా అని చూడటానికి అనుమతి కమిటీని పెట్టింది. స్నేహం పేరు వాడుకుని కిడ్నీ అమ్మకాలు సాగుతాయనే భయమే ఆ కమిటీకి మూలం. స్నేహానికి నకిలీలు ఉంటాయన్నది స్నేహం పనికిరాదనడానికి రుజువు కాదు. అవసరం కోసం కలిసిన స్నేహాన్ని మూడో రకంతో కలపొద్దని అరిస్టాటిల్ చేసిన హెచ్చరికకే రుజువు.

మరి వైద్యుడి సంగతి ఏమిటి? అతనూ రోగికి స్నేహితుడేనా? స్పెయిన్ వైద్య చరిత్రకారుడు పెద్రో లాయిన్ ఎంట్రాల్గో 1964లో రాసిన గ్రంథంలో అవుననే అన్నాడు. గ్రీకుల కాలం నుంచీ మంచి వైద్యానికి పునాది స్నేహమే అని ఆయన వాదన. ప్లేటో ‘లాస్’లో కొంత మద్దతు దొరుకుతుంది: బానిసల వైద్యుడు ఆజ్ఞాపించి వెళ్లిపోతాడు, స్వతంత్రుల వైద్యుడు రోగితోనూ అతని వాళ్లతోనూ మాట్లాడి, ఒప్పించాకే మందిస్తాడు. అయితే ‘పాలిటిక్స్’లో అరిస్టాటిల్ మాట వేరు. వైద్యుడు స్నేహానికి లొంగి శాస్త్రానికి విరుద్ధంగా ఏదీ చేయడు, రోగిని బాగుచేసి తన ఫీజు తీసుకుంటాడు అన్నాడు. అవయవదానం విషయంలో ఈ రెండో మాటే నాకు సరైనదనిపిస్తుంది. ఇచ్చేవాడి ప్రేమ ఎంతటిదైనా, అతని రెండో కిడ్నీ సరిగా లేదని తెలిస్తే సర్జన్ కాదనాలి. ప్రేమించే ఇద్దరి మధ్య ప్రేమకు లొంగని మూడో మనిషి ఉండాలి. వైద్యుడి గౌరవం అందులోనే ఉంది.

తర్వాతి కాలంలో చర్చి ఈ దారినే స్థిరపరిచింది. పోప్ రెండో జాన్ పాల్ 1995 నాటి ‘ఎవాంజెలియుమ్ వీటే’లో నీతిబద్ధమైన అవయవదానాన్ని రోజువారీ జీవితంలోని వీరత్వాల్లో ఒకటిగా మెచ్చుకున్నాడు, 2000 ఆగస్టులో రోమ్‌లో అవయవ మార్పిడి నిపుణుల ముందు మాట్లాడుతూ అమ్మకాన్ని ఖండించాడు, శరీరంలో ఒక్కటే ఉండే ప్రాణాధార అవయవాన్ని చావుకు ముందు తీయరాదన్నాడు. ఈ మాటల్లో అరిస్టాటిల్ పేరు రాకపోయినా పని చేస్తున్నది ఆయన తర్కమే. కిడ్నీలు చాలవు, రోగులు ఎక్కువ; అందుకే వాటికి ధర కట్టాలనో, ఇవ్వడం పౌరుడి బాధ్యత అనాలనో వాదించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మొదటిది దాతను వ్యాపారిని చేస్తుంది, రెండోది అతన్ని సమాజపు అవయవంగా మారుస్తుంది; 1956లో పోప్ మూసిన తలుపు అదే. బతికున్న మనిషి ఒంటి నుంచి ఒక భాగం న్యాయంగా ఇంకొకరిని చేరాలంటే, పుచ్చుకునేవాడికి దాని మీద ఏ హక్కూ ఉండకూడదు, ఇచ్చేవాడికి మాత్రం ఇవ్వడానికి ఒక కారణం ఉండాలి. ఇంతవరకూ తెలిసిన బంధాల్లో ఈ రెండు షరతులనూ ఒకేసారి తీర్చేది స్నేహం ఒక్కటే.