కదళీ వంశచరిత్రము



పెండ్లిపందిరికి అరటిబోదెలు లేనిదే శోభ లేదు. తాంబూలమున పండు, భోజనమునకు ఆకు, కూరకు కాయయు పువ్వును దూటయు, దేవునికి గెల, ఇన్ని విధముల మన కక్కఱకు వచ్చు మొక్క మఱియొకటి యరుదు. అయినను ఈ మొక్క యెక్కడ పుట్టినది? మనదా, పరాయిదా? పండులో గింజ లేకుండుటకు హేతువేమి? ఈ ప్రశ్నలకు బదులు చెప్పువారు కొలదిమంది. ఆ వృత్తాంతమును నేడు మీకు మనవి చేయుదును.

ముందు మాటలను చూతము. సంస్కృతమున దీనికి కదళి, రంభ, మోచ యను పేర్లున్నవి. అమరకోశమునందు ఇవి మూడును కలవు. మన పెద్దలు అనటి యనియు, అరటి యనియు వాడిరి. అరబ్బులు దీనిని మౌజ్ అందురు. మోచ శబ్దమే సముద్రవర్తకుల నోట మౌజ్ అయినదని పలువురు భాషావేత్తల యభిప్రాయము. వృక్షశాస్త్రజ్ఞులు వాడు మూసా యను లాటిను నామమునకు ఆ మౌజ్ శబ్దమే మూలమందురు. ఇన్ని పేర్లు మన భాషలలో నున్నవి గనుక అరటి మన దేశముననే పుట్టినదని వాదించువారు కలరు. కాని పేరు పాతదైనంత మాత్రమున పుట్టినిల్లు తేలదు. సాక్ష్యము మొక్కయే చెప్పవలెను.

అడవి యరటిపండును ఒలిచి చూచినచో లోపల నల్లని గట్టి గింజలు క్రిక్కిఱిసి యుండును. తినుటకు గుజ్జు బహు స్వల్పము. ఇట్టి యడవిజాతులు పెక్కు గలవు గాని మన తోటలలోని యరటులకు ముఖ్యముగా రెండే మూలములు. ఒకటి అక్యూమినేటా. అది మన పడమటి కనుమలు, ఈశాన్య భారతము మొదలుకొని బర్మా, మలయా, జావాల మీదుగా న్యూగినియా దీవి వఱకు వ్యాపించినది. రెండవది బాల్బిసియానా. అది ఈశాన్య భారతము, బర్మా, దక్షిణ చీనా, ఫిలిప్పీను దీవులలో నున్నది. 1940 దశాబ్దమున చీస్‌మన్ అను శాస్త్రజ్ఞుడు ఈ రెండు మూలములను వివరించెను. 1955లో సిమ్మండ్స్, షెపర్డ్ అను నిరువురు ఆకు తొడిమ, పువ్వు మొదలగువానిలో 15 లక్షణములను పరిశీలించి, ఏ రకమున నే మూలము పాలెంతయో నిర్ణయించిరి. మొదటి మూలమునకు ఏ అనియు, రెండవదానికి బీ అనియు గుఱుతులిడిరి.

ఇక గింజ లేకపోవుట యెట్లు? జీవకణమునందు దారపు పోగులవంటి క్రోమోసోములు కలవు. సంతానమునకు వంశలక్షణము నందించునవి ఇవియే. అడవి యరటికి తల్లినుండి 11, తండ్రినుండి 11, వెరసి 22. ఒకానొకప్పుడు తల్లిదండ్రులలో నొకరు తమ సగపాలునకు మాఱుగా మొత్తము 22 పోగులను సంతానమున కిచ్చుట సంభవించును. అప్పుడు బిడ్డకు 33 వచ్చును. 33ను రెండు సమభాగములుగ పంచుట యే పెద్దమనిషికిని సాధ్యము కాదు గదా! మొక్కకును సాధ్యము కాలేదు. కాబట్టి దాని పుప్పొడియు అండమును సరిగా నేర్పడవు, గింజ కట్టదు. దీనికి తోడు, పుప్పొడి తగులకయే కాయ యుబ్బి పండగల గుణము కొన్ని యరటులకు సహజముగ నబ్బినది. ఈ రెండును కలిసిన మొక్క కంటబడగానే మానవుడు దానిని విడిచిపెట్టలేదు. పిలకలు తీసి నాటుకొనెను.

ఆ మానవు డెవడు? అరటి మెత్తని మొక్క. మట్టిలో పడిన త్వరలోనే క్రుళ్లిపోవును. అయినను దాని యాకులలో ఇసుకవంటి సూక్ష్మకణము లుండును. అవి వేల యేండ్లు చెడవు. న్యూగినియా కొండలలో కుక్ అను చిత్తడినేలను త్రవ్విన పురాతత్త్వజ్ఞులు అట్టి కణములను కనుగొని, ఇంచుమించు 7000 సంవత్సరముల క్రిందటనే అచ్చట అరటిని సాగుచేసిరని 2003లో ప్రకటించిరి. అక్కడివారు, చుట్టునున్న దీవులవారు పిలకలను పడవలపై గొనిపోవగా, వేర్వేఱు దీవుల అక్యూమినేటా శాఖలు ఒండొంటితో కలిసినవి. ఆసియా ప్రధానభూమిని చేరి బాల్బిసియానాతో సంబంధము కలుపుకొన్నవి. ఆ సంకర సంతానమునకు భారతదేశము ఒక ప్రధాన నివాసమైనది.

కావున అరటి పూర్తిగా మనది కాదు, పూర్తిగా పరాయిదియు కాదు. మన చక్కెరకేళి, వామనకేళి మూడు పాళ్లును ఏ వంశము. అమృతపాణికి, కర్పూర చక్కెరకేళికి రెండు పాళ్లు ఏ, ఒక పాలు బీ. కూరకు వాడు బొంతకు ఒక పాలు ఏ, రెండు పాళ్లు బీ. బొంత నీటియెద్దడికి కొంత తాళుకొనుట ఆ బాల్బిసియానా రక్తము వలననే. 1759లో లిన్నేయసు పండితుడు జ్ఞానుల అరటి యను నర్థము వచ్చునట్లు పేరిడిన రకము మన అమృతపాణి కుటుంబమునకు చెందినదేయని తరువాతివారు తేల్చిరి.

2012లో అక్యూమినేటా యొక్క వంశలిపిని శాస్త్రజ్ఞులు చదివిరి. అందు 36,000కు మించిన జన్యువులు లెక్కకు వచ్చినవి. 2022లో మఱియొక పరిశోధన, తోట యరటులలో మూడు మూలముల జాడ యున్నదనియు, ఆ మూలము లింకను ఏ యడవిలోను గుర్తింపబడలేదనియు తెలిపినది. ఆ యడవులు నఱకబడక మునుపే వానిని వెదకవలసి యున్నది.

ఇంతవఱకు చరిత్రము. ఇక మనకు తగులు విషయమును చెప్పెదను. పిలకను మనము పిల్ల యందుము. నిజమునకు అది పిల్ల కాదు, తల్లియే. మీ తాతగారి దొడ్డిలోని అమృతపాణియు నేటి మీ దొడ్డిలోనిదియు ఒకే ప్రాణము, ఒకే దేహము. గింజవలన పుట్టిన బిడ్డలలో ఒకడు రోగమునకు లొంగిన నింకొకడు నిలుచును. పిలకలలో అట్టి భేదము లేదు. ఒకదానిని చంపిన తెగులు తోటనంతను చంపును.

ఇది యూహ కాదు. అమెరికా ఖండమునకు 1516లో బెర్లంగా యను క్రైస్తవ సన్న్యాసి అరటిని గొనిపోయెనని చరిత్రకారులు వ్రాసిరి. పిమ్మట అచ్చట గ్రోమిషెల్ అను నొక్క రకమునే వేలాది యెకరములలో నాటి పశ్చిమదేశముల కెగుమతి చేసిరి. నేలలోని బూజువలన కలుగు పనామా తెగులు దానిని పట్టినది. ఆ బూజు దశాబ్దములు మట్టిలో నిలుచును. 1960 దశాబ్దము ముగియునాటికి ఆ రకము ఎగుమతి వ్యాపారమునుండి దాదాపు తొలగిపోయినది. మన అమృతపాణియు ఆ తెగులునకే లొంగును. కర్పూర చక్కెరకేళి తట్టుకొనును. ఒకే యూర రెండు రకములుండుట యెంత మేలో దీనివలన తెలియును.

గ్రోమిషెల్ స్థానమున వచ్చినది కావెండిషు కుటుంబము. మన వామనకేళి యందలిదే. నేడు రాయలసీమలో విరివిగా వేయు గ్రాండ్ నైనును ఆ కుటుంబపుదే. ఇప్పుడు కావెండిషును సైతము చంపు క్రొత్త తెగులుబూజు ఆసియాలో తలయెత్తి, మన బీహారు తోటలలో కనబడి, 2019లో దక్షిణ అమెరికాలోని కొలంబియాను చేరినది. ఒక్క రకమునే నమ్ముకొనిన పాఠము మరల చదువవలసి వచ్చుచున్నది.

బెల్జియములోని లూవెన్ నగరమున 1500కు పైగా అరటి రకములను గాజుగొట్టములలో పెంచి కాపాడుచున్నారు. తిరుచిరాపల్లిలో 1993లో నెలకొల్పిన జాతీయ అరటి పరిశోధన కేంద్రమును ఇట్టి సంరక్షణమే చేయుచున్నది. గాజుగొట్టములో ప్రాణము నిలుచును. కాని యే రకము ఏ నేలకు తగును, గెల నెప్పుడు దింపవలెను, దేనిని కూరకు, దేనిని నైవేద్యమునకు వాడవలెను అను తెలివి మాత్రము మీ వంటి పెద్దల వద్దనే యున్నది.

కావున నా విన్నపము స్వల్పము. అమ్మకమునకు మీకు లాభమైన రకమునే వేయుడు, తప్పు లేదు. దొడ్డిలో నూతిచెంత పాతరకము లొకటి రెండు కుదుళ్లు మాత్రము నిలుపుడు. ఒకచోట తెగులు వచ్చిన కుదురునుండి పిలకను మఱియొకచోటికి గొనిపోకుడు. మనుమలకు ఆ పండ్లతోపాటు వాని పేర్లును అందించుడు.